కిటికీ బయట మా అప్ప

డిటెక్టివ్ సీరియల్లో హంతకుడు ఎవరో మా అప్ప చెబితే అది ఎప్పుడూ తప్పే అవుతుందని మా కుటుంబంలో అందరికీ తెలుసు. మా వైపు అక్కను అప్ప అంటాం. ఆమె ఊహ ఎప్పుడూ తప్పేనని అందరికీ చెప్పింది నేనే. పోయిన క్రిస్మస్‌కు రాయగడలో, ఆమె ఇంట్లోనే కూర్చుని, ఆమె చేసిన కేకు తింటూ మళ్లీ చెప్పాను. అందరూ నవ్వారు. "మా అమ్మకేటి తెలుసు మామయ్యా!" అంది మేనకోడలు. అప్ప కూడా నవ్వింది. నవ్వుతూనే ఖాళీ ప్లేట్లు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

నేను చెప్పింది అబద్ధం.

చిన్నప్పుడు మేము కకిరిగుమ్మ రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. కొరాపుట్ టీవీ టవరుకూ మాకూ మధ్య కొండలు. టీవీలో బొమ్మ నిలవాలంటే బయట గోడవారన ఉన్న యాంటెన్నా గొట్టాన్ని ఎవరైనా పట్టుకుని నిలబడాలి. వదిలితే ముగ్గు పోసినట్టు తెల్లటి చుక్కలే. ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక ఆ సీరియల్ మొదలయ్యేది. పాత స్కూటరును తంతూ తంతూ స్టార్టు చేసుకుని తిరిగే డిటెక్టివ్ కథలు. నాన్న డ్యూటీలో ఉండేవాడు. ఆదివారం పూట హత్యలేమిటని అమ్మ వంటింట్లోంచి వచ్చేది కాదు. కానీ గొట్టం ఎవరు పట్టుకోవాలన్న తీర్పు మాత్రం అక్కడినుంచే ఇచ్చేది.

"అమ్మీ, నువ్వెల్లు. ఆడు సిన్నోడు, సలికి ఆగలేడు."

వానాకాలంలో కొండల మీది పొగమంచు కిటికీ దాకా వచ్చేది. ఆ మంచులో, తడి గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని అప్ప నిలబడేది. తెర ఆమెకు కనబడదు. మాటలు మాత్రం వినబడేవి.

"వచ్చిందేటిరా?"

"వచ్చింది. కదలకప్పా!"

ఒక ఆదివారం ఓ లాడ్జి యజమాని హత్య కథ వచ్చింది. సగం కాకముందే అప్ప కిటికీ బయటినుంచి అంది: "మేనేజరేరా సంపేడు."

"నువ్వు సూసేవేటి?"

"ఆడు మాటాడుతూ మెట్లెక్కుతుంటే సెప్పులు కిర్రుమన్నాయి. మొదట్లో, ఆ ముసిలోడు అరవక ముందు కూడా అదే కిర్రు."

ఆ సీరియల్లో చివర మాటలుండవు, సంగీతం మీదే హంతకుణ్ణి తీసుకెళ్తారు; ఆరోజు పోలీసులు తీసుకెళ్లింది మేనేజర్నే. చూస్తూ కూర్చున్న నాకు తెలియలేదు, చూడని ఆమెకు తెలిసింది. సీరియల్ అయ్యాక ఆమె చేతులు పరికిణీకి తుడుచుకుంటూ లోపలికి వచ్చి, "నేను సెప్పలేదేటి?" అంది.

"బుర్ర లేదే నీకు! సంపింది వంటోడు" అన్నాను.

ఆమె ముఖం వాడిపోవడం చూశాను. ఆ తర్వాతి ఆదివారాల్లో అలా చెప్పడం నాకు తేలికైపోయింది. కొంతకాలానికి ఆమె హంతకుడి పేరు చెప్పడం మానేసింది. గొట్టం మాత్రం పట్టుకునేది. పెద్దయ్యాక నర్సు అయింది. ఏ రోగి గురించి అడిగినా ముందు "నాకేటి తెలుసులెండి" అనేదని, ఆ తర్వాత చెప్పింది సరిగ్గా ఉండేదని ఆమెతో పనిచేసినావిడ ఒకరు నాతో అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను.

నా భార్య పోయాక కొరాపుట్‌లో ఒక్కణ్ణే ఉంటున్నాను. ఆఫీసు నుంచి వచ్చాక ఇంట్లో ఏదో ఒక గొంతు వినబడాలని ఫోన్లో పాత సీరియళ్లు పెట్టుకుంటాను. ఈ జనవరిలో ఆ సీరియల్ దొరికింది. లాడ్జి కథ పెట్టి, ఫోను బియ్యం డబ్బాకు ఆనించి, అటు వీపు పెట్టి వంకాయలు తరుగుతున్నాను. కిర్రుమంది. ఇంకాసేపటికి, మెట్ల మీద, మళ్లీ అదే కిర్రు. చిన్నప్పుడు తెర ముందే కూర్చుని కూడా నేను ఆ చప్పుడు వినలేదు. కత్తిపీట పక్కన పెట్టి, కథ వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. తర్వాత మిగతా కథలు కూడా చూశాను. నాకు గుర్తున్నంతవరకు అప్ప అన్నవాళ్లే హంతకులు.

ఆదివారం రైలెక్కి రాయగడ వెళ్లాను. అప్ప మధ్యగదిలో చిక్కుళ్లకు ఈనెలు తీస్తోంది. మేనకోడలు పక్కన బట్టలు మడతపెడుతోంది. ఏమీ చెప్పకుండా లాడ్జి కథ పెట్టాను. అప్ప తెరకేసి చూడలేదు. మెట్ల దగ్గరకు వచ్చేసరికి ఆమె వేళ్లు ఆగాయి.

"సంపిందెవుడప్పా?"

"నాకేటి తెలుసురా. నువ్వే సెప్పు."

ఇన్నేళ్ల తర్వాత కూడా ముగింపు నన్నే అడుగుతోంది. ఫోను ఆపి, మేనకోడలు వింటుండగా అంతా చెప్పాను. ఆ మేనేజరు సంగతి, వంటోడి సంగతి, తర్వాత చెప్పిన మిగతా అబద్ధాలు.

"ఆ వంటోడి కోసం నేను పార్థన సేసేనురా" అంది అప్ప. "పాపం, మంచోడిలాగున్నాడే, ఇలాటి పని సేసేడేటని."

క్షమించమని అడగబోతే చెయ్యెత్తి ఆపింది. నాకేసి చూడలేదు. కూతురి వైపు తిరిగింది.

"ఇన్నావా?" అంది.

మేనకోడలు చేతిలో చొక్కా అలాగే ఉంది. "ఇన్నానమ్మా."

"అయితే ఆ ఫోను ఇటియ్యిరా. ఇప్పుడు నేను సూస్తాను."

ఫోను ఒళ్లో పెట్టుకుని కథ మొదటినుంచి పెట్టుకుంది. తల్లీకూతుళ్లు తలలు దగ్గరపెట్టి చూస్తున్నారు. రమ్మని నన్నెవరూ పిలవలేదు. నేను గుమ్మం దగ్గరే నిలబడి, కనబడని తెరలోంచి వచ్చే మాటలు వింటూ ఉండిపోయాను.