విలన్ అనే మాట పుట్టుక

గుంటూరు బ్రాడీపేటలో బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకుంటున్న రోజుల్లో, మాకు ఇంగ్లిషు చెప్పే మాస్టారంటే అందరికీ మోజు. ఒక్కో మాటకీ ఒక్కో కథ చెప్పేవాడు. ఏ దేశంలో పుట్టింది, ఎవరి నోట్లో పడి ఎలా మారింది, ఇవాళ ఈ అర్థం ఎలా వచ్చింది, అన్నీ సినిమా చూపించినట్టు చెప్పేవాడు. పరీక్షలో అవేవీ రావు. అయినా ఆయన క్లాసంటే గది నిండిపోయేది. నేను ముందు బెంచీలో కూర్చుని ఆయన చెప్పిందల్లా నమ్మేదాన్ని.

ఒకరోజు బోర్డు మీద ఇంగ్లిషులో విలన్ అని రాశాడు.

"దీని అర్థం తెలియనివాళ్ళున్నారా?" అని అడిగితే అందరూ నవ్వారు. "సరే. మీలో ఎవరి నాన్నలు వ్యవసాయం చేస్తారో చేతులెత్తండి."

క్లాసులో సగంమంది పల్లెల నుంచి వచ్చినవాళ్ళే. ఆయన గొంతులోని వెటకారాన్ని వాళ్ళు నాకంటే ముందే పసిగట్టారు. చెయ్యెత్తింది నేనొక్కదాన్నే.

"ఏం పండిస్తాడమ్మా మీ నాన్న?"

"మిర్చి సార్. కొంచెం పత్తి కూడా."

"అయితే ఈ అమ్మాయి విలన్ కూతురు."

ఆ తర్వాత విడమరిచి చెప్పాడు. లాటిన్‌లో విల్లా అంటే పొలాల మధ్య దొరల కమతం. అందులో చాకిరీ చేసేవాడు విల్లానుస్. ఆ మాట ఫ్రెంచివాళ్ళ నోట నలిగి ఇంగ్లిషులోకి వచ్చింది. మొదట్లో పొలం పనివాడని మాత్రమే అర్థం. తర్వాత మోటువాడు, ఆ తర్వాత నీచుడు, చివరికి దుర్మార్గుడు.

"మట్టి పిసుక్కునేవాడి గుణమేంటో అప్పటివాళ్ళకే తెలుసు," అని ముగించాడు. ఒకటే చప్పట్లు. ఆ సాయంత్రానికి నాకు పేరు లేకుండా పోయింది. హాస్టల్లో కూడా నేను విలన్ కూతుర్నే. ఆ వారమంతా లైబ్రరీలో డిక్షనరీలు తిరగేశాను. ఆయన చెప్పింది నిజమే. కాకపోతే అంతా చెప్పలేదు.

తర్వాతి వారం నాన్న మిర్చి తీసుకుని గుంటూరు యార్డుకు వచ్చాడు. సరుకు అమ్ముడు కాగానే ఆటో ఎక్కి, అమ్మ పంపిన గోంగూర పచ్చడి సీసాతో మా కోచింగ్ సెంటర్ మేడెక్కాడు. పొద్దున్నుంచీ బస్తాల మధ్య ఉన్న మనిషి, చొక్కా నిండా ఎర్రటి దుమ్ము. గుమ్మంలో నిలబడగానే ఆ ఘాటుకి ముందు బెంచీలవాళ్ళు తుమ్మారు. మాస్టారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "ఎవరు కావాలండీ?" అన్నాడు.

"అదిగోనండి, మా అమ్మాయి. పచ్చడి ఇచ్చి పోదామని."

మాస్టారు క్లాసు వైపు తిరిగాడు. "చూశారా! విలన్ గారు స్వయంగా వేంచేశారు."

గది దద్దరిల్లిపోయింది. నాన్నకి తెలిసిన విలన్లు సినిమాల్లో ఉండేవాళ్ళే. మీసం మీద చెయ్యి వేసి నిండుగా నవ్వాడు.

"మీసం చూసి అన్నారా సార్? మా ఊళ్ళో కూడా అంటుంటార్లెండి."

వాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు. నాన్నా వాళ్ళతో కలిసి నవ్వాడు. మాస్టారికి రెండు చేతులూ జోడించి, "మా పిల్లని కాస్త చూసుకోండయ్యా," అన్నాడు.

నేను లేచి నాన్నని బయటికి తీసుకొచ్చాను. మెట్లు దిగుతుంటే పైనుంచి ఎవరో "బై బై విలన్!" అని అరిచారు. నాన్న వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు.

"సరదా మనిషే మీ మాస్టారు," అన్నాడు కింద టీ కొట్టు దగ్గర. అప్పుడు చూశాడు నా కళ్ళని. "ఏందమ్మా, ఏమైంది?"

అంతా చెప్పాను. టీ గ్లాసు చేతిలో పట్టుకుని విన్నాడు.

"అయితే నన్ను తిట్టారన్నమాట."

"అవును నాన్నా."

"మరి నేనూ నవ్వాను కదే వాళ్ళతో." గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "దణ్ణం కూడా పెట్టాను."

టీ సగంలో వదిలేసి బస్టాండుకి ఆటో ఎక్కాడు.

నేను మేడ మీదికి వెళ్ళాను. క్లాసు అయిపోయింది. మాస్టారు బోర్డు తుడుస్తున్నాడు.

"సార్, ఆ మాట చెడిపోయింది పొలం పనివాళ్ళ వల్ల కాదు. వాళ్ళతో చాకిరీ చేయించుకున్న దొరలు దాన్ని తిట్టుగా వాడారు. అది మీరు చెప్పలేదు."

ఆయన చేతిలో డస్టర్ ఆగలేదు. "ఎవరు తిడితేనేం, తిట్టు నిలబడింది కదా? అంత రోషం ఉంటే, ఈసారి మీ నాన్నని స్నానం చేసి రమ్మని చెప్పు."

ఇంకా వెళ్ళకుండా ఉన్న నలుగురైదుగురు నవ్వారు. వాళ్ళలో నా రూమ్మేటు ఒకతె. వాళ్ళ నాన్న చేసేదీ పత్తి సేద్యమే. నా వైపు చూసి కూడా నవ్వు ఆపుకోలేదు.

నేను ఆ సెంటర్ మానేశాను. సొంతంగా చదువుకున్నాను, ఉద్యోగం వచ్చింది. కోచింగ్ ఎక్కడ తీసుకున్నావని ఎవరడిగినా చెప్పను.

పోయిన వేసవిలో మా బ్రాంచిలోవాళ్ళు మా ఊరికి భోజనానికి వచ్చారు. మంచివాళ్ళే. చేలో నుంచి అప్పుడే వచ్చిన నాన్న, కాళ్ళు కడుక్కుని తానే వడ్డిస్తానన్నాడు. తింటూ తింటూ వాళ్ళు ఇంగ్లిషులో మా మేనేజరు మీద ఏదో జోకు వేసుకుని నవ్వారు. నాన్న గరిటె గాల్లో ఆగిపోయింది. నవ్వాలో వద్దో తెలియక నా ముఖంలోకి చూశాడు.

"నిన్ను కాదు నాన్నా," అన్నాను మెల్లగా.

ఆయన నమ్మలేదు. గిన్నె కింద పెట్టి, లోపలికి వెళ్ళి చొక్కా మార్చుకుని వచ్చాడు.