పేరున్న ముక్క

మా సిల్వర్ బాబాయ్ పోయారు. మొన్న శుక్రవారం ఈపూరు బడికి బయల్దేరుతుంటే పిన్ని ఫోన్ చేసి, "మీ బాబాయ్ ఇంక లేరమ్మా" అంది. సిల్వర్ అంటే మా వైపు అల్యూమినియం. నరసరావుపేటలో మా వెనకవీధిలో పాత గిన్నెలు కరిగించి మూకుళ్లు, గరిటెలు పోసేవారాయన.

ఆయనతో నా పరిచయం గొడవతోనే మొదలైంది. అమ్మ పోయిన ఏడాది, నేను ఇంట్లో లేనప్పుడు, చిల్లిపడిన అమ్మ పాలగిన్నెను వదిన ఆయనకిచ్చేసింది. దాని మీద అమ్మ పేరుంది. నేను పరిగెత్తుకెళ్లేసరికి గిన్నె కరిగిపోయింది.

"పేరు కోసి పక్కన పెట్టానమ్మా, తీసకపో" అన్నారు. పేరున్న గిన్నె ఏదొచ్చినా ఆ ముక్క కత్తిరించాకే కరిగించేవారు.

"ముక్క నాకెందుకు? గిన్నె ఏదీ?" అని అరిచి వచ్చేశాను. నా నోటి దురుసుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాత రీసైక్లింగ్ పాఠం చెప్పాల్సొచ్చి, మొహం చెల్లకపోయినా పిల్లల్ని ఆయన కొలిమి దగ్గరికి తీసుకెళ్లాను. ఏమీ జరగనట్టే "రామ్మా" అన్నారు. అయస్కాంతం తాకించి ఇనుప రివెట్లు ఏరేస్తున్నారు. ఖనిజం నుంచి కొత్తగా తీయడానికయ్యే కరెంటులో ఇంచుమించు ఇరవయ్యో వంతుతో పాతది కరిగించొచ్చని నేను చెబుతుంటే, ఆయన అందుకున్నారు.

"కొండ తవ్వి, మట్టి ఉడకబెట్టి, కరెంటు పెట్టి లాగితే వచ్చింది గదరా ఇది. ఆ కష్టం ఎవరో ఒకసారి పడ్డారు. చెత్తలో పారేస్తే మళ్లీ పడాల. నేనేంది, ఊరికే కరిగిస్తన్నా."

"ఎన్నిసార్లు కరిగించొచ్చు తాతా?"

"చానాసార్లు. మీ అవ్వ గరిటె నీ మనవడి దాకా పోద్ది."

తవ్వక్కర్లేని కొండల గురించి, ఖనిజం శుద్ధిచేశాక మిగిలే ఎర్రబురద పేరుకోకపోవడం గురించి నేను తర్వాత చెప్పాను గానీ, పిల్లలకు ఎక్కింది ఆయన మాటే. నాకు పాఠం చెప్పడం నేర్పింది ఆయనే.

ఆ తర్వాత ఏటా వెళ్లేదాన్ని. అమ్మ పేరు ముక్క అడగాలని ప్రతిసారీ నాలుక చివరిదాకా వచ్చేది. వద్దన్న నోటితో ఎట్లా అడగను? పైగా అరగదీసిన పొడి కూడా వదలని మనిషి, ఎప్పుడో కరిగించేసి ఉంటారులే అనుకున్నాను.

నిన్న పలకరించడానికి వెళ్తే పిన్ని ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"ఎవరూ తీసకపోని ముక్కలు. కరగనిచ్చేవారు కాదు. ఎప్పుడన్నా వచ్చి అడుగుతారే, అనేవారు. నాకు చదువు రాదు. ఎవరెవరివో చెప్పమ్మా, ఇచ్చేద్దాం."

ఒక్కొక్కటే తీసి పేర్లు పైకి చదివాను. పిన్ని ఇళ్లు గుర్తుచేసుకుంటోంది. అడుగున, పాత లుంగీ గుడ్డలో చుట్టి, వేలెడంత ముక్క. అమ్మ పేరు.

"ఆగిపోయావేందమ్మా?" అంది పిన్ని. "అదెవరిది?"