చప్పట్ల ఎన్నిక

"ఏమ్మా విద్యా, మన సంఘంలో ఒక్కసారైనా ఓటేశావా, ద్వీపాలవాళ్ల ఎలక్షన్ చూడ్డానికి పోతున్నావు?"

సన్నీబ్యాంక్ పేటలోని ఫుడ్‌కోర్టులో నూడుల్స్ చల్లారబెట్టుకుంటూ సుబ్బరాజు అడిగాడు. బ్రిస్బేన్‌లోని ఒక తెలుగు సంఘానికి ఆయన తొమ్మిదేళ్లుగా అధ్యక్షుడు. ఏటా ఏకగ్రీవమే. "పోటీ ఎవరైనా?" అని అడగడం, వెంటనే చప్పట్లు, ఆ వెనకే భోజనాలు. యూనివర్సిటీలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ పాఠాలు చెప్పే విద్యావతి తొమ్మిదిసార్లూ చప్పట్లు కొట్టింది.

పసిఫిక్ ద్వీపదేశాల ప్రాంతీయ మండలి ఒకటి ఆమెను స్థానిక ఎన్నికలకు పరిశీలకురాలిగా పంపింది. ప్రజాస్వామ్యం, సుపరిపాలన అని నీలం చొక్కాల మీద కుట్టించి మరీ ఇస్తుంది ఆ మండలి. చొక్కా తొడుక్కుని పదకొండు రోజులు పడవల్లో తిరిగింది. ఒక దీవిలో బ్యాలెట్ పెట్టెలు వచ్చినవి వచ్చినట్టే వెనక్కి వెళ్లాయి. పోటీలో ఉన్న చేపలమ్మే ఆవిడ ముందురోజే తప్పుకుందట. దీవి పెద్దలు సభామందిరంలో కూర్చుని తమవాడి పేరుకు చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడు విద్యావతి ఎరిగినదే. ఉండబట్టలేక ఆవిడ ఇంటికే వెళ్లి అడిగింది. దీవిలో ఉన్న ఒకే ఒక్క దుకాణం పెద్దలది. వారం రోజులుగా ఆవిడ పడవకు పెట్రోలు పొయ్యడం లేదు.

"రాయండి. ఇక్కడ అందరికీ తెలుసు, బయటివాళ్లకే తెలీదు" అందావిడ.

విద్యావతి తన నివేదికలో ఒక పేరా రాసింది. సంతకానికి మండలి పంపిన ముసాయిదాలో ఆ పేరా లేదు. "దీవి సంప్రదాయం ప్రకారం ఏకాభిప్రాయం కుదిరింది" అని ఉంది. సంప్రదాయం అన్న మాట దొరికితే చాలు, ఆఫీసులకు ప్రాణం లేచొస్తుంది. ఇక ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. ఫోన్ చేస్తే సమన్వయకర్త మర్యాదగానే చెప్పాడు: సభ్యదేశాలు నొచ్చుకోకూడదు, సంతకం పెడితే మిగిలిన భత్యం వస్తుంది.

వారం రోజులు ఆమెకు కాలు నిలవలేదు. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. లాప్‌టాప్ తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. కూతురు అమూల్య చూసి చూసి, "మమ్, జస్ట్ సైన్ ఇట్. ఎవరు చదువుతారు ఎనీవే?" అంది.

"ఆ చేపలావిడ చదువుతుందే."

ఆదివారం సంఘం సర్వసభ్య సమావేశం. "పోటీ ఎవరైనా?" అంటూనే సుబ్బరాజు మైకు పక్కన పెట్టేశాడు. చప్పట్లు మొదలయ్యాయి. విద్యావతి లేచింది.

"చీటీలు పంచండి, అన్నయ్యగారూ."

"నువ్వు నిలబడతావేంటమ్మా?"

"నిలబడను. ఓటేస్తాను."

"ఆంటీ, బిర్యానీ చల్లారిపోతోంది" అన్నారెవరో వెనకనుంచి. నవ్వులు.

చీటీలకు కాగితం లేక పేపర్ ప్లేట్లు చింపి పంచారు. సుబ్బరాజుకు అరవై రెండు వచ్చాయి. పంతొమ్మిది ఖాళీవి. ఆ పంతొమ్మిదినీ ఆయన రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

ఇంటికి రాగానే ఆమె మండలికి రాసింది: పేరా ఉంటేనే సంతకం. నివేదిక ఆమె పేరు లేకుండా వెలువడింది. పేరాను ఆమె యూనివర్సిటీ వెబ్‌సైటులోని తన పేజీలో పెట్టింది, పెట్రోలు సంగతితో సహా.

భత్యంలో రెండువేల ఎనిమిదివందల డాలర్లు మండలి ఆమెకు ఇంకా బాకీ.