నేల మీద రెండు దెబ్బలు

మా బావ రేనోకి చెవి దగ్గర డప్పు వాయించినా వినిపించదు, ఎదురుగా పెదాలు కదిలితే చూసి మాట పోల్చుకుంటాడు. ముప్పై ఏళ్లు రొదపెట్టే గాలి ఊదే మిషను పక్కన నిలబడితే ఇంకేం మిగులుతుంది? మా సరస్సు చుట్టూ ఉన్న వేసవి ఇళ్లన్నీ షికాగో వాళ్లవి. ఆకులు రాలడం మొదలవగానే తాళాలు బావ చేతిలో పెట్టి చక్కా పోతారు. ఆ తర్వాత పాట్లన్నీ మావే. పైపుల్లో కాసిని నీళ్లు మిగిలినా జనవరి చలికి గడ్డకట్టి పైపు పగులుతుంది. మంచు కరిగేనాటికి ఇల్లు చెరువవుతుంది. అందుకని నీళ్లన్నీ వదిలేసి, మిగిలినవి గాలితో ఊదేసి, సింకుల్లో గడ్డకట్టని గులాబీ రంగు మందు పోసి, ఎలుకలు గూడు పెట్టకుండా పరుపులు నిలబెట్టి, అప్పుడు తాళం వేయాలి.

ఊదడం ఇద్దరి పని. కింద నేలమాళిగలో మిషను దగ్గర బావ, పైన కుళాయి దగ్గర మా అక్క ఐలీ. మొదట్లో అక్క అరిచి చెప్పేది. బావకి చెవుడు వచ్చాక చీపురు కర్రతో నేల మీద కొట్టేది, ఆ అదురు కింద ఆయనకి తెలిసేది. ఒక దెబ్బ కొడితే ఇంకా నీళ్లొస్తున్నాయని, రెండు కొడితే ఇక గాలే వస్తోందని.

"మొగుడికి పడాల్సినవి నేలకి పడుతున్నాయి పాపం" అని నేను ఆటపట్టిస్తే, "తొందరెందుకే, ఆయన వంతూ వస్తుంది" అనేది. వాళ్లిద్దరూ మూసిన ఇళ్లలో ఒక్క పైపూ పగిలింది లేదు.

అలాంటి మనిషికి మతి పోయింది. ముందు పొయ్యి ఆపడం మర్చిపోయింది, తర్వాత నా పేరు. సెప్టెంబరులో ఒక ఉదయం నైటీతో సరస్సులో నడుం లోతున నిలబడి దొరికింది. డాక్టరు మాట కాదనలేక బావ ఆవిడను ఊళ్లో వృద్ధుల ఆశ్రమంలో చేర్చాడు. కొన్నాళ్లు చూద్దామనే చేర్చాడు. గది ఎప్పటికీ ఉంచుకుంటారో, ఖాళీ చేస్తారో సోమవారానికల్లా చెప్పమన్నారు వాళ్లు.

శనివారం బావ మా ఇంటికొచ్చి, కాఫీ కూడా ముట్టకుండా అన్నాడు:

"ఇర్యా, రేపు ఆ షికాగో విట్లాక్ వాళ్ల ఇల్లు మూసేస్తున్నా. మీ అక్కని తీసుకొస్తా. నువ్వు పక్కనుండు."

"ఏంటి బావా నువ్వు! ఏది చెంచానో తెలీని మనిషికి పైపులేం తెలుస్తాయి?"

"మనసు మర్చిపోద్దేమో గానీ చెయ్యి మర్చిపోదే. రెండు దెబ్బలు కొట్టిందనుకో, సోమవారం ఇంటికి తెచ్చేసుకుంటా. డాక్టరేమన్నా సరే, నువ్వేమన్నా సరే."

"కొట్టకపోతే?"

టోపీ సర్దుకుంటూ లేచాడు. వినపడలేదని నేననుకోను.

ఆదివారం అక్కను విట్లాక్ వాళ్ల వంటింట్లో కుర్చీలో కూర్చోబెట్టి, ఒళ్లో దుప్పటి కప్పి, కర్ర చేతికిచ్చాడు. "ఎప్పటిలాగేనే ఐలీ. నీళ్లయితే ఒకటి, గాలయితే రెండు" అని ఆవిడ మోకాళ్ల దగ్గర కూర్చుని బతిమాలుతున్నట్టే చెప్పాడు. అక్క కిటికీలోంచి సరస్సు చూస్తోంది. బావ కిందికి దిగాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. నమ్మకూడదని తెలిసీ నేనూ నమ్ముతున్నందుకు ఇంకా కోపం వచ్చింది.

మిషను మొదలైంది. కుళాయి దగ్గి, నీళ్లు చిమ్మింది. అక్క కర్ర ఎత్తి ఒక్క దెబ్బ కొట్టింది. నా ప్రాణం లేచొచ్చింది. దేవుడా, ఇంకేం అడగను అనుకున్నాను. అంతలోనే రెండు కొట్టింది. కుళాయిలోంచి ఇంకా నీళ్లు పోతూనే ఉన్నాయి.

కింద మిషను ఆగింది. "విన్నావా ఇర్యా! విన్నావా! నే చెప్పలా!" అని అరుస్తూ ఆ వయసులో మెట్లు పరుగున ఎక్కాడు బావ. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి అక్క ఇంకా కొడుతూనే ఉంది. మూడు, నాలుగు, అలా లెక్కాపత్రం లేకుండా, గిన్నె మీద గరిటెతో కొట్టే పసిపిల్లలా. కుళాయి కారుతోంది. బావ కుళాయిని చూశాడు, అక్కను చూశాడు.

"బాగా కొట్టావే" అన్నాడు. ఆవిడ వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి కర్ర తీసుకున్నాడు. నా చేతిలో పెట్టాడు.

"నువ్వు నిలబడు."

నిలబడ్డాను. ఆయన కిందికెళ్లి మళ్లీ ఊదగా, గాలి ఒక్కటే వచ్చినప్పుడు రెండు కొట్టాను. అక్క కళ్లెదుట ఉండగా అక్క పని చేశాను. నా చెయ్యి పడిపోయినా బాగుండేదనిపించింది. మిషను ఆపేశాక కూడా బావ పైకి రాలేదు. నేను వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

సాయంత్రం ఆశ్రమం వాకిట్లో బావ అక్క కోటు గుండీలు విప్పుతున్నాడు. అక్క ఆయన చేతిని ఆప్యాయంగా తట్టింది.

"పాపం, పొద్దున్నుంచీ మాకోసం తిరుగుతున్నారు. చీకటి పడుతోంది, ఇక బయల్దేరండి. మీ ఆవిడ ఎదురుచూస్తూ ఉంటుంది."

బావ చివరి గుండీ కూడా విప్పాడు.

"వెళ్తానండి" అన్నాడు. సోమవారం దాకా ఆగకుండా అప్పుడే లోపలికెళ్లి, గది ఉంచుకుంటామని చెప్పాడు.