గోడ దాటిన గాలి

మొన్న ఉదయం మా కాక పోయాడు. గోదావరిఖనిలో మా పక్కిల్లు ఆయనది. చుట్టరికం లేదు, పిలుపు మాత్రమే. బొగ్గుగని లోపల గాలి ఎటు పోతోందో చూసే పనిలో ముప్పై ఏళ్లు గడిపాడు, నాకూ ఆ పని నేర్పాడు. అలాంటి మనిషి ఊపిరందక పోయాడు. ఇది రాయడానికి నాకు మొహం చెల్లడం లేదు. అయినా రాస్తున్నాను.

గనిలో చిటికెడు సున్నప్పొడి వదిలి, అది ఎటు కొట్టుకుపోతుందో చూసేవాడు. "గాలి కనవడదు బిడ్డా, దాని పని కనవడ్తది" అనేవాడు. అన్నం తినేటప్పుడు గాలి తగిలే చోట నన్ను కూర్చోబెట్టి, తాను ఉక్కలో కూర్చునేవాడు.

రిటైరయ్యాక ఆయన ఊపిరితిత్తులు చెడ్డాయి. ఇంట్లో ఉక్క భరించలేక పెరట్లోనే మంచం. పెరటి వెనక బొగ్గు లారీల రోడ్డు. "దుమ్ముకు మీ కాక ఆగమైతుండు" అని ఆయన భార్య, మా చిన్నమ్మ, ఏడిస్తే రెండు పెరళ్లకూ కలిపి నిలువెత్తు గోడ కట్టించాను. గనిలో గాలి ఆపాలంటే చీమ దూరే సందు కూడా లేకుండా గోడ కడతాం. ఆ తెలివే ఇక్కడా వాడాను.

గాలి గోడెక్కి, ఇవతలికి దూకి, సుడి తిరిగి సరిగ్గా ఆయన మంచం మీద దుమ్ము పోసేది. కాక దగ్గుతూనే స్టూలెక్కి, గోడ మీద సున్నప్పొడి వదిలి చూపించాడు. అది గిర్రున తిరిగి మా కాళ్ల దగ్గర పడింది.

"కింద గనిల పైకప్పు ఉంటది, గోడ కడితె గాలి ఆగుతది. ఈడ పైనంతా ఖాళీనే కదరా! మొత్తం ఆపితె ఎగిరి దుంకుతది. సందులు పెట్టు. కొంచెం కొంచెం పోనిస్తె మెత్తవడ్తది."

"సందులు పెడితె దుమ్మంతా లోపలికే వస్తది కాకా. వానలు పడనియ్యి, చూద్దాం" అన్నాను. గురువుకే పాఠం చెప్పిన మొనగాణ్ణి నేను. ఆయన మళ్లీ అడగలేదు. వానలు ఇంకా పడలేదు.

శవాన్ని పెరట్లోనే పడుకోబెట్టారు. చిన్నమ్మ కొంగుతో ఆయన మొహం తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్లీ దుమ్ము. చూడలేక గడ్డపార తెచ్చి పిచ్చివాడిలా గోడ మీద పడ్డాను.

"ఇప్పుడెందుకు బిడ్డా? ఇగ ఆయనకు గాలితోని ఏం పని?" అంది చిన్నమ్మ. తిట్టినా బాగుండేది.

అప్పటికే కిందివరసలో నాలుగు ఇటుకలు ఊడాయి. ఆ సందులోంచి గాలి నేల వెంట వచ్చి, కాక మీద కప్పిన తెల్లగుడ్డ కిందికి దూరింది. ఛాతీ దగ్గర గుడ్డ మెల్లగా లేచింది, దిగింది, మళ్లీ లేచింది. ఏడుపులు ఆగిపోయాయి. చిన్నమ్మ వంగి, ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.