మూడు వేళ్ళ రికార్డు

మా ఆయనకూ మా తమ్ముడికీ పడనిది ప్రపంచంలో ఒకే ఒక్క విషయం. ఆస్తిపాస్తులు కాదు, దుకాణంలో పెత్తనమూ కాదు. ఎప్పుడో చనిపోయిన ఒక గిటారు ఆయన. ఆ మహానుభావుడు మా గడప తొక్కింది లేదు, వీళ్ళిద్దరూ ఆయన్ని కళ్ళారా చూసిందీ లేదు. అయినా నా పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆదివారం మధ్యాహ్నాలన్నీ ఆయనకే ధారపోశాం. సంగీతం మీద నాకు కోపం లేదు. దాని గురించి మాట్లాడేవాళ్ళతోనే తల బొప్పి కడుతుంది.

మాది బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణం. ముందు గదిలో కౌంటరు, అరలు. వెనక గదిలో రెండు ఇస్త్రీ బల్లలు, పైకప్పు నుంచి గొట్టాలతో వేలాడే ఆవిరి ఇస్త్రీ పెట్టెలు. మేడ మీద మా కాపురం. ఒక బల్ల మా ఆయనది, రెండోది తమ్ముడిది. ఇద్దరు చేసినవీ నా దగ్గరికి వస్తాయి. నేను వెలుతురులో తిప్పి చూసి, లోపలిది కనపడే ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చీటీ అంటిస్తాను. పొద్దుటి నుంచీ నిలబడే పని. సాయంత్రానికి ముగ్గురం మెట్లెక్కుతూ ఒకళ్ళ మోకాళ్ళు ఒకళ్ళు వింటూ ఉంటాం.

మా ఆయన చేయి తిరిగిన మనిషి. ఇది పెళ్ళాన్ని కాబట్టి చెప్పడం లేదు, వీధంతా చెప్పే మాటే. ఇస్త్రీ చేసేది కుడిచెయ్యి కాదంటాడు. ఎడమచెయ్యి ముందు వెళ్ళి బట్టను తడిమి, మడత ఎక్కడుందో, కుట్టు ఎక్కడ లాగుతోందో చూసి రావాలట. కుడిచెయ్యి దాని వెనకాల నడిచే కూలీ మాత్రమేనట. చొక్కా మడిచేటప్పుడు చొక్కా ఎడమ చేతిని ముందు మడిచి, దాని మీదికి కుడి చేతిని మడుస్తాడు. తమ్ముడు అటుదిటు, ఇటుదటు. ఎవరి అలవాటు వాళ్ళది. మడత చూసి ఏది ఎవరి పనో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఈ పని ఆయన నేర్చుకున్నది ఒక ఆసుపత్రి నేలమాళిగలో. దుప్పట్లు, దిండు గలీబులు, మళ్ళీ దుప్పట్లు. యంత్రాల హోరులో పక్కవాడి మాట వినపడేది కాదట. భోజనాల వేళ యంత్రాలు ఆపేవాళ్ళు. అప్పుడు మాత్రం మూల బల్ల మీదున్న రేడియో వినపడేది. ఒకరోజు అన్నం గిన్నె మూత తీస్తుండగా గిటారు వచ్చింది. కింద తీగల మీద ఒకళ్ళు తాళం వేస్తున్నారు, పైన ఒకళ్ళు పాట వాయిస్తున్నారు, మధ్యలో ఇంకెవరో జవాబు చెబుతున్నారు. ముగ్గురనుకున్నాడట. చివర్లో రేడియో మనిషి ఒకే ఒక్క పేరు చెప్పాడు. పాడేవాళ్ళు లేరు, డప్పు లేదు, పక్కవాద్యం లేదు. ఒక్క మనిషి, రెండు చేతులు.

"ఒక్కడే ముగ్గురి పని చేస్తున్నాడు. అలా చెయ్యొచ్చని నాకు అప్పుడే తెలిసింది" అంటాడు మా ఆయన. ఈ కథ నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ ఆయన ముఖం వెలుగుతుంది కనుక అడ్డు తగలను.

మా తమ్ముడి దారి వేరు. వాడు చేసిన ఉద్యోగమల్లా ఊడిపోయి, ఒళ్ళు కూడా బాగోక, మా మేడ మీద పక్క గదిలో వచ్చి పడుకున్న రోజుల్లో మా ఆయన వాడి మంచం పక్కన రికార్డు ప్లేయరు పెట్టాడు. వాడు మంచి రికార్డులన్నీ పక్కకు నెట్టి, మా ఆయన అట్ట కూడా విప్పనిదాన్ని పట్టుకున్నాడు. అది ఆ గిటారు ఆయన ఆఖరి రికార్డు. అప్పటికి ఆయన కుడిచేతి ఉంగరపు వేలు బిగుసుకుపోయింది. బొటనవేలు, దాని పక్కన రెండు వేళ్ళు, అంతే. ఆ మూడింటితో వాయించాడు. పాట నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగుతుంది. వెతుక్కుంటుంది. ఆయన ఊపిరి కూడా వినపడుతుంది. తర్వాత మళ్ళీ కదులుతుంది.

అదిగో, అక్కడ మొదలైంది తగవు.

"అది రికార్డు చెయ్యకుండా ఉండాల్సింది" అంటాడు మా ఆయన. "చెయ్యి పోయాక ఆపేయాలి. జాలిపడి వినేదాన్ని సంగీతం అనరు."

"ఆ ఆగడంలోనే అంతా ఉంది బావా" అంటాడు తమ్ముడు. "మొదటి రికార్డులు వింటే నా వల్ల ఏదీ కాదనిపిస్తుంది. ఇది వింటే, ఫర్వాలేదు, రేపు లేచి చూద్దాం అనిపిస్తుంది."

ఈ పంచాయితీకి ఇద్దరు శాశ్వత సభ్యులు కూడా దొరికారు. ఒకరు డ్రాయింగ్ మాస్టారు, ఇంకొకరు బస్సు కండక్టరు. ఇద్దరూ బట్టలు ఇవ్వడానికి వచ్చి గిటారు విని ఉండిపోయినవాళ్ళే. ఆదివారం మధ్యాహ్నం తలుపు సగం మూసి, వెనక గదిలో బల్లల మీదే కూర్చుంటారు. రికార్డు తిరుగుతున్నంతసేపూ ఫ్యాను ఆపేయాలి. వేళ్ళు తీగల మీద జారే చప్పుడు వినపడాలట. ఆవిరి గదిలో ఫ్యాను ఆపితే ఎలా ఉంటుందో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. చివరి స్వరం పూర్తిగా పోయేదాకా ఎవరూ నోరు మెదపకూడదు. తర్వాత పెద్దవాడితో మొదలుపెట్టి వరసగా ఎవరికేం వినిపించిందో చెప్పాలి. అక్కణ్ణుంచి కోడిగుడ్డుకు ఈకలు పీకడం.

మాస్టారుది మూడో వాదం. "ఇప్పటి కుర్రాళ్ళను చూడండి. గిటారు పట్టుకోవడం ఆయనలాగే, తీగలు సవరించుకోవడం ఆయనలాగే. పది వేళ్ళూ శుభ్రంగా ఉండి కూడా ఆగి ఆగి వాయిస్తారు. ఆయనకది నొప్పి, వీళ్ళకది సోకు." కండక్టరు సగం రికార్డు నిద్రలో వింటాడు. లేచి "రెండూ బాగున్నాయి" అంటాడు. నాకు వాళ్ళందరిలో అతనే నచ్చుతాడు. నన్ను ఎవరైనా అడిగితే "టీ చల్లారుతోంది" అని తప్పించుకునేదాన్ని. ఇద్దరిలో ఎవరి వైపు మాట్లాడినా రెండోవాడు వారం పాటు ముఖం ముడుచుకుంటాడు. ఇద్దరికీ వండిపెట్టాల్సింది నేను.

ఈ ఏడు మా ఆయన ఎడమచేతి వేళ్ళకు తిమ్మిరి పట్టింది. మొదట్లో చెయ్యి విదిలించుకుంటే పోయేది. తర్వాత పోవడం మానేసింది. డాక్టరు చూసి, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయింది, వయసు కూడా తోడైంది, ఈ పని మానుకుంటే మంచిది అన్నాడు. మా ఆయన మందులు తీసుకున్నాడు, మాట మాత్రం అక్కడే వదిలేసి వచ్చాడు. మర్నాడు మామూలుగా బల్ల దగ్గర నిలబడ్డాడు.

ముందు నడిచే చేతికి బట్ట తెలియడం మానేస్తే ఏమవుతుందో నా బల్ల మీదికి రావడం మొదలైంది. కాలరు వెనక ముడత మీద ముడత. జేబు అంచు వంకర. నేను వాటిని వేరే పెట్టాను. తమ్ముడు చూశాడు. ఇద్దరం ఏమీ అనుకోలేదు. వాడు మర్నాడు దుకాణం తెరవకముందే కిందికి దిగి, తేలు కుట్టిన దొంగలా చప్పుడు లేకుండా వాటిని మళ్ళీ ఇస్త్రీ చేసి పెట్టాడు. ఆ మర్నాడూ అంతే. అలా అదొక పనైపోయింది. తన బల్ల మీద పని, తెల్లారకముందు బావ బల్ల మీద పని. వాడి కళ్ళ కింద నల్లగా అయింది. నేను పడుకున్నా చెవులు కింద గదిలోనే ఉండేవి. ఇలా ఎన్నాళ్ళని ఎవరం అడగలేదు. ఆ బల్ల లేకపోతే ఆయన ఏమవుతాడో అని నాకు భయం. దాన్ని ఆయన దగ్గర్నుంచి లాక్కునే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేదు.

ఒకరోజు నేను మేడ మీద ఉండగా డ్రాయింగ్ మాస్టారు బట్టల కోసం వచ్చారు. మా ఆయనే అరలోంచి సంచి తీశాడు. మాస్టారి చొక్కాలు ఎప్పుడూ ఆయనే చేస్తాడు, ఇంకొకరిని ముట్టనివ్వడు. సంచిలోంచి కనపడుతున్న చొక్కాకు కుడి చెయ్యి అడుగున, ఎడమ చెయ్యి పైన ఉంది. పాపం మా తమ్ముడు ముడతలన్నీ తీశాడు, జేబులు సరిచేశాడు, ఆఖర్న తన అలవాటు ప్రకారం మడిచి పెట్టాడు. నేనూ రోజూ చూస్తూనే ఉన్నాను. ముడతల కోసం చూశాను గానీ మడతను చూడలేదు.

నేను దిగి వచ్చేసరికి ఆయన అరలోని సంచులు ఒక్కొక్కటీ తీసి చూసి మళ్ళీ పెడుతున్నాడు. నన్ను చూసి ఆపాడు. "బాగా సర్దావు" అన్నాడు. అంతే. ఆ వారమంతా పనిలో ఉన్నంతసేపూ మాట లేదు. తిట్టినా బాగుండేది. ఒంటికాలి మీద లేచే మనిషి నోరు మూసుకుంటే ఇల్లు మోయలేనంత బరువెక్కుతుంది.

ఆదివారం వచ్చింది. ఏ రికార్డు పెడదామని తమ్ముడు అడిగితే, "నీదే పెట్టు" అన్నాడు మా ఆయన. తమ్ముడు నా వంక చూశాడు. ఫ్యాను ఆపారు. చెమటలు కారుతుండగా ఆ మూడు వేళ్ళూ తడుముకుంటూ, ఆగుతూ, నడుస్తూ చివరిదాకా వెళ్ళాయి. వరస ప్రకారం మొదట మా ఆయనే చెప్పాలి.

"ఆయనకు తెలిసి ఉంటుందా?" అన్నాడు.

"ఏమిటి?" అన్నారు మాస్టారు.

"చెయ్యి పోయిందని. వాయించేవాడికి లోపల మునుపటిలాగే వినపడుతూ ఉండొచ్చు. పక్కనున్నవాళ్ళు చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?"

"అంత పెద్దాయన కదా, చెప్పడానికి మొహమాటపడి ఉంటారు" అన్నారు మాస్టారు, పాపం ఏమీ తెలియక.

మా ఆయన తమ్ముడి వైపు తిరిగాడు. "నా పని ఎలా ఉందిరా?"

తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి. "నీ పనికేం బావా. బాగానే ఉంది."

"సరిగ్గా చెప్పు."

"కాస్త నెమ్మదించావు. నెమ్మదిలోనూ ఒక అందం..."

"చొక్కాకు అందమేమిట్రా. ముడత ఉందా, లేదా?"

వాడికి అబద్ధం చేతకాదు, నిజం అంతకంటే చేతకాదు. మా ఆయన నా వైపు చూశాడు.

"నువ్వు చెప్పు. చూసి సంచిలో పెట్టేది నువ్వే కదా."

చేతిలో టీ గ్లాసుల పళ్ళెం ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళలో కోపం లేదు, బతిమాలడం ఉంది. ఏమని బతిమాలుతున్నాడో, చెప్పమనో వద్దనో, ఇన్నేళ్ళు కాపురం చేసి కూడా నాకు అర్థం కాలేదు. కానీ నేను చాలా అలసిపోయాను. వాడు తెల్లారకముందు లేవడం వినీ వినీ, ఈయన వేళ్ళు విదిలించుకోవడం చూసీ చూసీ అలసిపోయాను.

"ఉంటున్నాయి" అన్నాను. "కాలరు దగ్గర, భుజాల దగ్గర. మొన్న ఒకదాని మీద మాడిన మచ్చ కూడా. మీ వేళ్ళ మీద బొబ్బలున్నాయి చూసుకోండి. కాలినా మీకు తెలియడం లేదు."

ఆయన ఎడమచెయ్యి ఎత్తి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టే చూశాడు. తర్వాత తమ్ముడి భుజం తట్టాడు.

"ఇన్నేళ్ళుగా నేను మొత్తుకుంటున్నది అదే కదా. ఆపేయాలని. విన్నావా, మీ అక్క నా పక్షమే."

కండక్టరు నవ్వబోయి, ఇంకెవరూ నవ్వకపోవడం చూసి ఆగిపోయాడు. మాస్టారికి అప్పుడు అర్థమైంది. చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. తమ్ముడు "నేను గెలవాలనుకోలేదు బావా, నువ్వు ఓడిపోకూడదనుకున్నాను" అని ఏదో గొణిగాడు. మా ఆయన వినిపించుకోలేదు. లేచి తన ఇస్త్రీ పెట్టె గొట్టం విప్పి, చుట్ట చుట్టి, తమ్ముడి బల్ల కింద పెట్టాడు. ఎవరో ఒకరు ఫ్యాను వేస్తే బాగుండునని నాకనిపించింది గానీ, ఎవరికీ తోచలేదు.

అందరూ వెళ్ళాక మేము మేడ మీదికి వచ్చాం. ఆయన మంచం మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను ఆ వేళ్ళకు మందు రాశాను. నొప్పిగా ఉందా అంటే ఏమీ తెలియడం లేదన్నాడు. "రేపు పొద్దున్న నన్ను లేపుతావా?" అని అడిగాడు.

"లేపుతాను" అన్నాను.

"ఎందుకు?" అన్నాడు.

మందు మూత పెట్టి, ఆయన పక్కనే కూర్చున్నాను.