నా జాబితాలో లేని పేరు

రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు నన్ను భవానీపూర్‌లోని ఒక పెద్ద ఆసుపత్రికి, చెవి, ముక్కు, గొంతు విభాగంలో సీనియర్ ఆడియాలజిస్టుగా వేశారు. ఆడియాలజిస్టు డాక్టరు కాదు. మేము మందులు రాయం, ఆపరేషన్లు చేయం. మనిషికి ఏ శబ్దం ఏ మేరకు వినిపిస్తోందో కొలుస్తాం. వినికిడి లేనివాళ్లకు మాట నేర్పడంలో సాయపడతాం. ఈ తేడా ఎన్నిసార్లు చెప్పినా ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్ తెలుగువాళ్లకు నేను డాక్టరమ్మనే. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన నాకు తెలుగు, బెంగాలీ రెండూ వచ్చు. మా విభాగంలో తెలుగు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే కావడంతో, రేవులో పనిచేసే శ్రీకాకుళం కుటుంబాలవాళ్లు చెవిపోటు వచ్చినా నా గది వెతుక్కుంటూ వచ్చేవారు.

ఆ ఏడాది వానాకాలంలో ఒక ఉదయం అలాగే ముగ్గురు వచ్చారు. ఇరవై నాలుగు రోజుల ఆడపిల్ల, ఆ పిల్ల తల్లి రత్నం, రత్నం అత్తగారు. రత్నం పుట్టు చెవిటిది. తల్లిదండ్రుల్లో ఒకరికి వినికిడి లేకపోతే పుట్టిన బిడ్డకు నెలలోపే పరీక్ష చేయాలన్నది మా నియమం. బిడ్డ నిద్రపోతుండగా చెవిలో చిన్న గొట్టం పెట్టి మెల్లగా శబ్దం పంపుతాం. లోపలి చెవి బాగుంటే అది సన్నటి ప్రతిధ్వనిని తిప్పి పంపుతుంది. యంత్రం దాన్ని పట్టుకుంటుంది. రెండు చెవులకూ కలిపి పది నిమిషాల పని. బిడ్డకు రెండు చెవులూ బాగున్నాయి. నేను బొటనవేలు పైకెత్తి చూపించగానే రత్నం ఊపిరి వదిలి కుర్చీలో వెనక్కి వాలింది.

ఫారంలో పేరు అన్నచోట 'బేబీ ఆఫ్ రత్నం' అని ఉంది. ఇంకా పేరు పెట్టలేదా అని మాటవరసకు అడిగాను. అత్తగారు ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు కుర్చీ ముందుకు జరుపుకుంది. అరవై దాటిన మనిషి. నల్లగా, గట్టిగా ఉంది. ముక్కుకు ఎడమవైపు రూపాయి బిళ్లంత బంగారు బేసరి.

"నువ్వైనా సెప్పమ్మా దీనికి. శతభిషం సూసి పంతులుగారు 'సీ' అచ్చరం సెప్పినారు. సీతాలక్ష్మి అని ఎడదామంటే తలూపదు. ఇరవయ్యొకటో రోజు కూడా ఎల్లిపోనాది. ఎందుకొద్దే అంటే సెప్పదు. నానేటి సేయాల?"

ఆవిడ కంగారుకు కారణం ఉంది. రెండేళ్ల కిందట రత్నానికి మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. పేరైనా పెట్టకముందే పోయింది. ఈసారి అక్షరం తప్పితే ఏమవుతుందోనని ఆవిడ భయం. మూఢనమ్మకమని కొట్టిపారేయడానికి నాకు మనసు రాలేదు.

రత్నం ఎందుకు తల అడ్డంగా ఊపుతోందో నాకు అర్థమైందనుకున్నాను. 'స' అనేది నాలుకకూ పళ్లకూ మధ్య నుంచి జారే సన్నటి గాలి. పెదవుల మీద దాదాపు ఏమీ కనిపించదు. పుట్టుకతో చెవుడు ఉన్నవాళ్లకు నేర్పడానికి అన్నిటికన్నా కష్టమైన శబ్దాల్లో అదొకటి. తల్లి పలకలేని పేరు బిడ్డకు పెడితే, ఆ తల్లి జీవితాంతం తన బిడ్డను పిలవలేదు. ఈ సంగతి అత్తగారికి వివరంగా చెప్పాను. ఆవిడ విని, "అయితే దానికి నోరు తిరిగే పేరు నువ్వే సూడమ్మా" అంది.

వృత్తిలో ఉన్నవాళ్లకు ఇంతకన్నా ఇష్టమైన మాట ఉండదు. మర్నాడు రత్నాన్ని రమ్మని, గంటసేపు ఆమె ఉచ్చారణ పరీక్షించాను. ఆమె వాట్‌గంజ్‌లోనే పెరిగి బధిరుల బడిలో ఎనిమిది వరకు చదివింది. ఇంట్లో తెలుగును పెదవుల కదలిక చూసి అర్థం చేసుకుంటుంది. చదవడం, రాయడం మాత్రం బెంగాలీలోనే. అందుకని మా ఇద్దరి మధ్య సంభాషణ కొంత సైగలతో, కొంత కాగితం మీద బెంగాలీలో సాగింది. పెదవులు కలిపి పలికే ప, బ, మ లు ఆమెకు బాగా వచ్చు. అ, ఆ, ఇ, ఉ, ఓ లు కూడా పరవాలేదు. ర, ల, చ లు తేలిపోతాయి. ఆ లెక్కన నేను ఒక జాబితా తయారుచేశాను. ఉమ, ఆభ, పమ్మి, బాపమ్మ, మోమా... కొన్ని పుస్తకంలో చూసినవి, కొన్ని కల్పించినవి. బెంగాలీ లిపిలో పన్నెండు పేర్లు అందంగా రాసి ఇచ్చాను. రత్నం ఒక్కొక్కటీ చదివి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, సంచిలో పెట్టుకుని దణ్ణం పెట్టింది.

వారం తర్వాత ముగ్గురూ మళ్లీ వచ్చారు. ఈసారి అత్తగారి ముఖం కందగడ్డలా ఉంది.

"నీ సీటీలో పేర్లు కూడా ఒద్దంది. మావాడు గోవిందు వొకటి సెప్తే అదీ ఒద్దంది. దీని మనసులో ఏటుందో ఆ బగమంతుడికే ఎరుక."

గోవిందు అంటే ఆవిడ కొడుకు, రేవులో క్రేన్ నడుపుతాడు. నాకు కూడా కాస్త చిరాకు వేసిన మాట నిజం. ఒక ఆదివారం మొత్తం ఆ జాబితాకే పెట్టాను. అయినా రత్నం ఏం చేస్తోందోనని చూస్తూ కూర్చున్నాను. బిడ్డ ఒళ్లో కదిలింది. రత్నం వంగి, బిడ్డ కళ్లలోకి చూస్తూ, తన చిటికెనవేలితో తన ముక్కు ఎడమ పక్క రెండుసార్లు తట్టుకుంది. కాసేపాగి మళ్లీ తట్టుకుంది. దురద కాదది. దురదైతే బిడ్డ చూస్తోందా లేదా అని ఎవరూ ఎదురుచూడరు.

నేను ఆ రోజు వరకు వేయని ప్రశ్నను కాగితం మీద రాశాను. నువ్వు దీన్ని ఏమని పిలుస్తున్నావు?

రత్నం చదివి, నా వంక వింతగా చూసి, రాసింది. 'దీనికి పేరుంది కదా. పుట్టిన రోజే పెట్టాను.'

చిటికెనవేలు చూపించి, దాని అర్థమేమిటని సైగ చేశాను. ఆమె అత్తగారి వైపు ఒకసారి చూసి తల దించుకుంది. నేను వదల్లేదు. అప్పుడు మెల్లగా చూపుడువేలితో ముక్కు పక్కన బేసరి ఉండేచోట తట్టి, అత్తగారిని చూపించింది. తర్వాత అదే చోట చిటికెనవేలితో తట్టి, బిడ్డను చూపించింది. కాగితం మీద 'చిన్న మా' అని రాసింది. మా అంటే బెంగాలీలో అమ్మ; బెంగాలీవాళ్లలాగే ఆమె కూడా అత్తగారిని మా అనే అనుకుంటుంది.

వినికిడి లేనివాళ్లు తమలో తాము ఒకరినొకరు సైగపేర్లతో పిలుచుకుంటారు. గడ్డం మీద మచ్చ, ఉంగరాల జుట్టు, నవ్వితే పడే సొట్ట, ఏది కొట్టొచ్చినట్టు కనిపిస్తే అదే పేరు. ఈ సంగతి నేను ట్రైనింగులోనే చదువుకున్నాను. చదువుకుని కూడా ఆమె నోటినే పరీక్షించాను గాని చేతుల వైపు చూడలేదు.

అత్తగారికి విషయం చెప్పాను. ఆవిడ చేత్తో బేసరి మూసుకుంది.

"ఏటీ, ఇన్నాళ్లూ ఇది నన్ను ముక్కుతోటి పిలస్తన్నాదేటి?"

కొడుక్కి తెలుసా అంటే, తెలుసునని తర్వాత తేలింది. కన్నతల్లికి ముక్కు చూపించే పేరు ఉందని చెప్పడం మర్యాదగా ఉండదని గోవిందు నోరు మెదపలేదట. బిడ్డకు తట్టే వేలు వేరని అతనూ గమనించలేదు. అమ్మ గురించే ఏదో చెబుతోందనుకున్నాడట.

ఆవిడ పేరే ఎందుకు పెట్టావని నేను రత్నాన్ని అడిగాను. ఆమె చాలాసేపు రాసింది. బిడ్డ ముక్కు ఆవిడ ముక్కేనని మొదట రాసింది. ఆ తర్వాత రాసినది నేను పైకి చదివి తెలుగులో చెప్పాను. 'ఇంట్లో అందరూ అటు తిరిగి, అన్నం తింటూ, ఫోను చూస్తూ మాట్లాడతారు. నాకు ఒక్క ముక్క అందదు. మా ఒక్కతే నాతో మాట్లాడాలంటే పొయ్యి దగ్గర నుంచి కూడా లేచి నా ఎదురుగా వచ్చి నిలబడుతుంది. మొదటి బిడ్డ పోయినప్పుడు ఆసుపత్రిలో ఆ మాట నాకు చెప్పింది కూడా తనే. నా ముందు కూర్చుని, మెల్లగా, రెండుసార్లు చెప్పింది.'

అత్తగారు కొంగుతో ముఖం తుడుచుకుంది. "మరి దానికి కనబడాల గదమ్మా. కనబడకపోతే ఎలా తెలుస్తాది?" అంది, అదేదో పెద్ద విషయం కానట్టు.

అప్పుడు ఆవిడ పేరడిగాను. రెండుసార్లు నా ఎదుట కూర్చున్న మనిషిని ఆ మాట అడగలేదని గుర్తొచ్చి సిగ్గేసింది. ఆవిడ పేరు అప్పమ్మ. అ, ప్ప, మ్మ. మొత్తం పెదవుల మీదే ఉంది. రత్నాన్ని ఆ పేరు పలకమన్నాను. అత్తగారి పేరు నోటితో పలకడానికి సంకోచించి, ఆవిడే తల ఊపాక పలికింది. గొంతు ఎగుడుదిగుడులు లేకుండా చదునుగా వచ్చింది గాని, మాట స్పష్టంగా ఉంది. బిడ్డకూ అదే పేరు పెడదామా అంటే వెంటనే సరేనని తలూపింది.

"ఒద్దొద్దు. ఈ రోజుల్లో అప్పమ్మేటి? బళ్లో పిల్లలు నవ్వుతారు" అని అప్పమ్మగారు గట్టిగానే వాదించింది. నక్షత్రం సంగతి కూడా మళ్లీ ఎత్తింది. చివరకు ఉపాయం కూడా ఆవిడే కనిపెట్టింది. పంతులుగారి చేత సీతాలక్ష్మి అని బిడ్డ చెవిలో చెప్పిస్తే నక్షత్రానికి సరిపోతుంది. లోకానికి రత్నం పెట్టిన పేరే ఉంటుంది. గోవిందు ఒకటి రెండు రోజులు గొణిగాడట. పేరు లేకుండా నమోదైన జననానికి తర్వాత పేరు చేర్పించుకునే వీలుంది. ఆ దరఖాస్తులో రత్నం తన చేత్తోనే బెంగాలీలో అప్పమ్మ అని రాసింది.

తొమ్మిదో నెలలో రెండో పరీక్షకు వచ్చారు. ఈ వయసులో పిల్లలు శబ్దం వచ్చిన వైపు తల తిప్పుతారా లేదా అన్నది చూడాలి. బయటి శబ్దాలు లోపలికి రాని గదిలో, తండ్రి ఒళ్లో కూర్చోబెట్టి, కొలిచిన శబ్దాలు కుడివైపు నుంచి ఒకటి, ఎడమవైపు నుంచి ఒకటి వినిపించాను. అన్నిటికీ తిరిగింది. మనిషి గొంతు లెక్కలోకి రాదు, ఎందుకంటే దాన్ని కొలవలేం. అయినా పరీక్ష అయ్యాక రత్నాన్ని బిడ్డ వెనక నిలబడి పిలవమన్నాను. ఆమె పిలిచింది. బిడ్డ ఆడుతున్న గిలక్కాయ వదిలేసి, నడుం తిప్పి మరీ వెనక్కి చూసింది. ఆ పిలుపు రత్నానికి వినపడలేదు. తిరిగిన ముఖం మాత్రం కనపడింది. కేస్ షీటులో 'తల్లి పిలుపుకు స్పందన ఉంది' అని రాసి సంతకం చేశాను.

ఎవరు ఏ శబ్దం పలకగలరో తేల్చడం నా పని, అది నేను సరిగానే చేశాను. కాని ఆ తల్లి చేయలేని పనుల పట్టిక ముందు పెట్టుకుని ఆలోచించాను గనక, ఆమె ఎప్పుడో చేసేసిన పని నాకు కనిపించలేదు. ఆ తర్వాత నేను ఉద్యోగంలో ఉన్న మూడేళ్లూ, కొత్త బిడ్డ ఎవరొచ్చినా పరీక్షకు ముందే ఒక ప్రశ్న అడిగాను. ఇంట్లో ఈ బిడ్డను ఎవరెవరు ఎలా పిలుస్తున్నారు? జవాబు చెప్పలేనివాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు.